చిప్పు మీద పేరు చూసి గ్రాఫిక్స్ కార్డు కొనొచ్చా?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం ఉదయం ఇంజినీరింగ్ విద్యార్థులకు, కంప్యూటర్ రిపేరు పనివారికి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని టైపు చేసింది.)

నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి ఈ ఎండలో బస్సెక్కి వచ్చారు. చాలా సంతోషం.

నేను చిప్ లెవెల్ రిపేరు చేస్తాను. ఇరవై ఏళ్లుగా అదే పని. మొదట్లో మానిటర్లు, ఆ తర్వాత మదర్‌బోర్డులు, ఈ పదేళ్లలో ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డులు, అంటే కంప్యూటర్ తెర మీద బొమ్మ తయారుచేసే కార్డులు. కార్డు కొనబోయే పిల్లలు నా దగ్గరికి వచ్చి సలహా అడుగుతారు. అడిగే మొదటి మాట ఏంటో తెలుసా? "అన్నా, ఇందులో మెమరీ శాంసంగా, హైనిక్సా, మైక్రానా?" కార్డు ఎంత వేడెక్కుతోంది అని అడగరు. ఎవరి దగ్గర ఎన్నాళ్లు నడిచింది అని అడగరు. వారంటీ ఎన్ని నెలలుంది అని అడగరు. మెమరీ చిప్పు చేసిన కంపెనీ ఏది? ముందు అదే.

పోయిన వేసవిలో జరిగింది చెబుతాను. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం కుర్రాడు. వాళ్ల నాన్న మిర్చి కౌలు రైతు. త్రీడీ యానిమేషన్ నేర్చుకుంటానని ఇంట్లో ఒప్పించి డబ్బు తెచ్చుకున్నాడు. సెకండ్‌హ్యాండ్‌లో రెండు ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కార్డులు చూశాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. ఒకదాంట్లో హైనిక్స్ మెమరీ, ఇంకోదాంట్లో శాంసంగ్. శాంసంగ్ ఉన్నదానికి మూడు వేలు ఎక్కువ. అబ్బాయి ఆ మూడు వేలు ఎక్కువ పెట్టి అదే కొన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి తెర మీద రంగు రంగుల గళ్లు. నా దగ్గరికి తెచ్చాడు. వేడిని లాగేసే లోహపు దిమ్మ, హీట్‌సింక్, విప్పాను. చిప్పు వేడిని హీట్‌సింక్‌కు అందించే మెత్తటి పట్టీలు, థర్మల్ ప్యాడ్లు, నూనె కారిపోయి, ఎండిపోయి, వేలు పెడితే పొడిపొడిగా రాలుతున్నాయి. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మైనింగ్‌లో, అంటే క్రిప్టో కరెన్సీ సంపాదించే పనిలో, నడిచిన కార్డు అది. ఎనిమిది మెమరీ చిప్పుల్లో ఒకటి పోయింది. పోయిన చిప్పు మీద పేరు ఏంటి? శాంసంగే. అబ్బాయి వద్దనుకున్న ఆ హైనిక్స్ కార్డు ఇంకొకరు కొన్నారు, ఇవాళ్టికీ నడుస్తోంది.

దీన్నిబట్టి శాంసంగ్ చెడ్డది, హైనిక్స్ మంచిది అని రాసుకుని వెళ్లకండి. అలా రాసుకుంటే నేను ఇవాళ ఇక్కడికి వచ్చిన పని చెడినట్టే. ఒక కార్డు కథ ఒక కార్డుదే. నేను అడిగేది ఒక్కటే: ఆ మూడు వేలు ఆ కుర్రాడు దేనికి కట్టాడు?

ముందు వస్తువు చూద్దాం. ఇదిగో, ఈ కార్డు పై ప్లేటు తీసేశాను. ఒకరి నుంచి ఒకరికి అందించుకుని చూడండి, అంచులు పట్టుకోండి. మధ్యలో పెద్ద చిప్పు ఉంది కదా, అది గ్రాఫిక్స్ ప్రాసెసర్. ఎన్విడియాదో, ఏఎమ్‌డీదో, ఇంటెల్‌దో అయి ఉంటుంది. దాని చుట్టూ నల్లటి బిళ్లలు కనబడుతున్నాయా? అవి మెమరీ. వాటి మీద అక్షరాలు సన్నగా ఉంటాయి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టండి. కే4తో మొదలైతే శాంసంగ్, హెచ్5తో మొదలైతే హైనిక్స్, డీ9 అని ఉంటే మైక్రాన్. విప్పకుండా తెలుసుకోవాలంటే జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మెమరీ రకం పక్కనే కంపెనీ పేరు చూపిస్తుంది. అసలు ఈ పేర్ల గొడవంతా ఇంత పెరగడానికి అది కూడా ఒక కారణం. కంటికి కనబడే పేరు మీద మనసు పడుతుంది. కనబడని ప్యాడు మీద పడదు.

ఇప్పుడు కొత్త కార్డుల్లో వచ్చే గ్రాఫిక్స్ మెమరీ చేసేవాళ్లు ఎంతమంది? ముగ్గురు. కొరియాలో ఇద్దరు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్. అమెరికాలో ఒకరు, మైక్రాన్. కార్డు పెట్టెల మీద కనబడే కంపెనీ పేర్లు పదో పన్నెండో ఉంటాయి, లోపల మెమరీ ఈ ముగ్గురిలో ఒకరిదే. పెట్టె మీద ఏం రాస్తారు? మెమరీ రకం జీడీడీఆర్6, సైజు 8 జీబీ. అంతే. ఎవరి జీడీడీఆర్6 అన్నది రాయరు. ఎందుకు రాయరు? జెడెక్ అనే సంస్థ ఈ మెమరీకి ప్రమాణం రాసింది. ఎన్ని కాళ్లుండాలి, ఎన్ని వోల్టులు, ఏ ఆజ్ఞకు ఎలా జవాబివ్వాలి, అన్నీ. ఆ ప్రమాణానికి నిలిచిన చిప్పు ఎవరిదైనా ఆ బోర్డు మీద కూర్చుంటుంది. కార్డు చేసే కంపెనీ ఆ నెల ఎవరి సరుకు అందితే వాళ్లది వేస్తుంది. కార్డును నడిపించే చిన్న ప్రోగ్రామ్ కార్డులోనే ఉంటుంది, దాన్ని బయాస్ అంటారు. అందులో ఒక్కొక్క మెమరీకి ఒక్కొక్క టైమింగుల పట్టిక, అంటే ఎంతసేపట్లో జవాబివ్వాలన్న కొలతలు, పెట్టి ఉంచుతుంది. కాబట్టి మీరు వీడియోలో చూసిన రివ్యూ కార్డులో ఒకరి మెమరీ ఉండొచ్చు, హైదరాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు నుంచి మీరు తెచ్చుకున్న పెట్టెలో ఇంకొకరిది ఉండొచ్చు. రెండూ ఒకే మోడల్, ఒకే ధర. సీలు తీసి చూశాక పేరు నచ్చలేదని వెనక్కిస్తే షాపతను తీసుకుంటాడా? తీసుకోడు, తీసుకోకపోవడంలో అతని తప్పూ లేదు.

మరి తేడా లేదా? ఉంది. లేదని నేను అనను. తేడా మిగులులో ఉంది. సెకనుకు 14 గిగాబిట్ల వేగం అని రాసిన చిప్పు ముగ్గురిదీ 14 దగ్గర నడుస్తుంది. దాన్ని 15కి, 16కి తోస్తే ఎవరిది ఎంతదాకా తట్టుకుంటుంది అన్న దగ్గర తేడా వస్తుంది. కంపెనీ పెట్టిన వేగంలోనే ఆడుకునేవాడికి, వీడియో ఎడిటింగ్ చేసుకునేవాడికి ఆ మిగులుతో పని పడదు. ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకు, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి నడిపేవాళ్లకు, పడుతుంది. ఓవర్‌క్లాక్ చేసే తమ్ముళ్లకు ఇక్కడే ఒక మాట: జీడీడీఆర్5 నుంచి ఈ మెమరీలకు తప్పు పట్టుకునే ఏర్పాటు ఉంది. అంకెలు దారిలో చెడితే కార్డు పసిగట్టి మళ్లీ పంపించుకుంటుంది. తెర ఆగదు, గళ్లు రావు, కానీ మళ్లీ మళ్లీ పంపుకోవడంలో వేగం పడిపోతుంది. మెమరీ క్లాకు పెంచాను, ఏమీ కాలేదు అని సంబరపడకండి. ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో, కొలవండి. పెంచాక తగ్గితే వెనక్కి తెచ్చేయండి.

సరే, ఈ పేర్లకు మంచి, చెడు ఎక్కడ అంటుకున్నాయి? మూడు సందర్భాలు చెబుతాను.

2013 చివర్లో ఏఎమ్‌డీ ఆర్9 290 కార్డులు వచ్చాయి. కొన్నవాళ్లలో కొందరికి తెర ఉన్నట్టుండి నల్లగా అయిపోయేది. కొన్నింట్లో హైనిక్స్ మెమరీ, కొన్నింట్లో ఎల్పిడా. ఎల్పిడా వల్లే ఇదంతా అని జనంలో పాకింది. అప్పటి నుంచి ఎల్పిడా పేరు కనబడితే కార్డు వద్దనేవాళ్లు. బాగుంది. కానీ ఎల్పిడా ఎవరు? జపాన్‌లో ఎన్‌ఈసీ, హిటాచీల మెమరీ వ్యాపారాలు కలిసి పుట్టిన కంపెనీ. 2012 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. 2013 జులైలో మైక్రాన్ కొనేసింది. అంటే ఆ కార్డులు బజారుకొచ్చేనాటికే ఎల్పిడా యజమాని మైక్రాన్! హిరోషిమాలో ఎల్పిడా ఫ్యాక్టరీ ఇప్పుడు మైక్రాన్ ఫ్యాక్టరీ. ఎల్పిడా వద్దు, మైక్రాన్ అయితే ఫర్వాలేదు అన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లు దేన్ని వద్దన్నట్టు, దేన్ని కావాలన్నట్టు?

హైనిక్స్ సంగతీ అంతే. అది హ్యుందాయ్ ఎలక్ట్రానిక్స్‌గా మొదలైంది. 1999లో ఎల్‌జీ సెమీకండక్టర్‌ను కలుపుకుంది. 2001లో పేరు హైనిక్స్ అయింది. 2012లో ఎస్‌కే గ్రూపు తీసుకుంది. పేరు మారింది, యజమానులు మారారు, చిప్పు తయారీ పద్ధతి ఎన్నోసార్లు మారింది. మన మనసులో ముద్ర మాత్రం అక్కడే ఉండిపోయింది.

రెండోది 2016. జీటీఎక్స్ 1070. మొదట వచ్చినవాటిలో శాంసంగ్ మెమరీ. కొన్ని నెలలకు మైక్రాన్ మెమరీతో రావడం మొదలైంది. వాటిని ఓవర్‌క్లాక్ చేసినవాళ్లకు తెర మిణుకుమనడం, చదరంగం బల్లలాగా గళ్లు రావడం. ఇది అపోహ కాదు, నిజంగా జరిగింది. మరి మందు ఏమైంది? చిప్పులు పీకి మార్చారా? లేదు. కార్డు కంపెనీలు కొత్త బయాస్ ఇచ్చాయి. అవే చిప్పులు, అదే బోర్డు, బయాస్ మార్చాక సర్దుకున్నాయి. అంటే లోపం మైక్రాన్ అనే పేరులో ఉందా, ఆ చిప్పును నడిపించే సెట్టింగుల్లో ఉందా? ఈ ప్రశ్న ఇంటికి తీసుకెళ్లి ఆలోచించండి. ఎందుకంటే బయాస్ సర్దుకున్న సంగతి ఎంతమందికి చేరింది? మైక్రాన్ గళ్లు వేస్తుంది అన్న మాట మాత్రం ఇన్నేళ్లకు కూడా నా బల్ల దగ్గర వినబడుతోంది.

మూడోది 2018. ఆర్‌టీఎక్స్ 2080 టీఐ. కొత్త కార్డులే కొన్ని రోజుల్లో గళ్లు వేసి చచ్చిపోయాయి. మొదటి విడతలో మైక్రాన్ మెమరీ, తర్వాత శాంసంగ్ కూడా కనబడింది. ఇంకేముంది, మైక్రానే దొంగ అని తీర్పు ఇచ్చేశారు. ఎన్విడియా ఏం చెప్పింది? తొలి విడత బోర్డుల్లో కొన్ని పరీక్షలో పట్టుబడకుండా బయటికి వెళ్లిపోయాయి అంది. మెమరీ కంపెనీ పేరు ఎత్తలేదు. తొలి విడత అన్న మాట పట్టుకోండి. ఏ కంపెనీ అన్నదానికన్నా ఏ విడత అన్నది ముఖ్యం.

ఇది మన గుంటూరు వాళ్లకు నేను చెప్పాలా? మిర్చి విత్తనం కొనే రైతు కంపెనీ పేరు అడుగుతాడు, నిజమే. ఒకసారి దెబ్బతిన్న రైతు ఇంకోటి కూడా అడుగుతాడు. లాట్ నంబరు. అదే కంపెనీ, అదే రకం, ఒక లాటు విరగకాస్తుంది, ఇంకో లాటు మొలకే రాదు. ఆ లాటు వేసి నష్టపోయినవాడు పదేళ్లపాటు ఆ కంపెనీ పేరెత్తితే మండిపడతాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, కొనేవాళ్లను గమనించండి. తేజా అనో 334 అనో రకం పేరు చీటీ మీద రాసి ఉన్నా, లోపల చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీస్తారు. విరిచి చూస్తారు. రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. ఆ తర్వాతే ధర. మన పిల్లలు కార్డు దగ్గర చీటీ చదివి డబ్బు లెక్కపెడుతున్నారు. నా దిగులు అదే.

ఇక మైనింగ్. శాంసంగ్‌కు ఎక్కువ ధర కట్టే అలవాటు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చింది. ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో ప్రాసెసర్ బలంకన్నా మెమరీ వేగం ఎక్కువ పనిచేసేది. ఆర్‌ఎక్స్ 570, 580 కార్డుల్లో శాంసంగ్ మెమరీ ఉన్నవి టైమింగులు బిగించడానికి బాగా లొంగేవి, అందుకని వాటికి గిరాకీ. అది వాళ్ల వ్యాపారం, వాళ్ల లెక్క వాళ్లకు సరే. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం ఆ పద్ధతే మానేసింది. మైనింగ్ ఆగింది, కార్డులు మూటలు మూటలుగా సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చిపడ్డాయి. కార్డులతోపాటు వాళ్ల అభిరుచి కూడా మనకు అంటింది. కొంచెం ఆలోచించండి. మైనింగ్ వాళ్లు ఏరి ఏరి తీసుకున్నది ఏ కార్డులు? శాంసంగ్ ఉన్నవి. ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో, టైమింగులు బిగించి నడిపింది ఏవి? అవే. మరి సెకండ్‌హ్యాండ్‌లో శాంసంగ్ అని కనబడగానే సంతోషించాలా, ఇంకో రెండు ప్రశ్నలు అడగాలా?

పేరు పక్కన పెడితే ఏం చూడాలి? మొదట మెమరీ రకం, మెమరీకి వెళ్లే దారి వెడల్పు. ఇందులో నిజమైన మోసాలున్నాయి. జీటీ 1030 అని చిన్న కార్డు. 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీతో ఇంకోటి వదిలారు. మొదటిది సెకనుకు 48 గిగాబైట్లు అందిస్తుంది. రెండోది 16.8. మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే! పేరు ఒకటే, పెట్టె దాదాపు ఒకటే. దీని గురించి ఎంతమంది అడిగారు నన్ను? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆర్‌టీఎక్స్ 3060 చూడండి. 12 జీబీది 192 బిట్ల వెడల్పు, సెకనుకు 360 గిగాబైట్లు. తర్వాత 8 జీబీ అని వచ్చింది, 128 బిట్లు, 240 గిగాబైట్లు. జీబీలే తగ్గాయనుకుంటారు, దారి కూడా ఇరుకైంది. శాంసంగా మైక్రానా అన్నదాంట్లో ఇంత తేడా మీరు ఎన్నడూ చూడరు.

లెక్క చాలా సులువు, రాసుకోండి. బిట్ల వెడల్పును ఒక బిట్టు దారి వేగంతో హెచ్చించి ఎనిమిదితో భాగించండి. 12 జీబీ 3060లో దారి వేగం 15 గిగాబిట్లు. 192ను 15తో హెచ్చిస్తే 2880, ఎనిమిదితో భాగిస్తే 360. ఒక్కో చిప్పు 32 బిట్లు అందుకుంటుంది, అందుకే 192కి ఆరు చిప్పులు. కొనేముందు రెండు నిమిషాల పని.

తర్వాత వేడి. ఇది ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే మన ఊరి కార్డులను చంపేది ఇదే. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చాయి, జీడీడీఆర్6ఎక్స్ మెమరీతో. ఆ రకం మెమరీ చేసేది ఒక్క మైక్రానే. మైక్రాన్ వద్దన్నవాళ్లంతా అంత డబ్బు పెట్టి మైక్రానే కొన్నారు, వేరే దారి లేదు. 3090లో 24 చిప్పులు. 12 ముందువైపు, 12 వెనకవైపు. ముందువైపు ఫ్యాన్లు, హీట్‌సింకు. వెనక వాటికి ఒక రేకు, మధ్యలో ప్యాడు. ఆ వెనక చిప్పులు మరిగిపోయేవి. 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తనే వేగం తగ్గించుకునేది. 2022లో 3090 టీఐ తెచ్చినప్పుడు ఏం చేశారు? రెట్టింపు జీబీ ఉన్న చిప్పులు 12 వేసి, అన్నీ ముందువైపే పెట్టారు. అదే మైక్రాన్, అదే రకం మెమరీ. చోటు మార్చారు, బాధ పోయింది.

మనవైపు రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో బయట 44, 45. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 38 తక్కువ ఉండదు. పాతిక డిగ్రీల గదిలో పరీక్షించి మెమరీ 90 దగ్గర ఉంది, బాగుంది అని ఎవరో చెబుతారు. అదే కార్డు మన గదిలో ఎంతకు పోతుంది? గది ఎంత పెరిగితే అదీ దాదాపు అంత పెరుగుతుంది. వందపైన! అప్పుడు ఆ చిప్పు మీద ఏ పేరున్నా ఒకటే. ప్యాడు మందం సరిగ్గా ఉందా, హీట్‌సింకు చిప్పుకు ఆనుతోందా, క్యాబినెట్‌లో గాలి తిరుగుతోందా, దుమ్ము ఎప్పుడు దులిపారు, ఇవే ఆయుష్షు. ప్యాడ్లు మార్చేటప్పుడు మందం కొలిచి వేయండి తమ్ముళ్లూ. ఒకటిన్నర మిల్లీమీటరు ఉండాల్సిన చోట రెండు వేస్తే మెమరీకి ఆనుతుంది కానీ మధ్యలో ప్రాసెసర్‌కు హీట్‌సింకు అందదు. అలా చెడగొట్టుకుని తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక్కడ ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. ఏం బాబూ? ఆ, అందరికీ వినబడేలా చెబుతాను. అసలు పేరుతో ఏ పనీ లేదా అని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. ఉంది, మా రిపేరువాళ్లకు ఉంది. చిప్పు మార్చేటప్పుడు కార్డులో మిగతావి ఏ కంపెనీవి, ఏ నంబరువో అదే వేయాలి. హైనిక్స్ మధ్యలో ఒక మైక్రాన్ పెట్టి బయాస్‌ను ఒప్పించాలని చూస్తే తెర రాదు. బయాస్ మార్చేటప్పుడూ అంతే. వేరే మెమరీ ఉన్న కార్డు బయాస్ తెచ్చి ఎక్కిస్తే అందులో మీ చిప్పు పట్టిక లేకపోవచ్చు, కార్డు నల్లగా పడుకుంటుంది. బయాస్ ముట్టుకునే ముందు పాతది దాచుకోండి, మెమరీ పేరు చూసుకోండి. అక్కడ పేరు చాలా ముఖ్యం.

అటు చెల్లెమ్మ ఏదో అడుగుతోంది. ముగ్గురిలో మన మనసు ఎవరిమీద పెట్టుకోవాలి అన్నయ్యా అంటోంది. ఎవరిమీదా వద్దమ్మా. మెమరీ ధరలు కూడబలుక్కుని పెంచారని అమెరికాలో కేసు నడిచింది. 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి. మైక్రాన్ విచారణకు సహకరించి జరిమానా లేకుండా బయటపడింది. ఇప్పుడు చూడండి, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చూసి 2025 డిసెంబర్‌లో మైక్రాన్ మనలాంటివాళ్లకు నేరుగా అమ్మే క్రూషియల్ అనే బ్రాండు వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ల లెక్క వాళ్లు చూసుకుంటారు. నువ్వు నీ డబ్బు లెక్క చూసుకో తల్లీ. నీకు దొరికిన కార్డు రకం, వెడల్పు, వేడి, వారంటీ చూడు. ఆ నాలుగూ సమానంగా ఉండి, ధర కూడా ఒకటే అయితే, అప్పుడు నీకు నచ్చిన పేరు తీసుకో. ఎవరూ కాదనరు.

టైము అయిపోతోంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు అమ్మేవాళ్ల ముందే అరగంట గేమో త్రీడీ రెండరింగో నడపమనండి. అరగంట. ఐదు నిమిషాలకు ఒప్పుకోకండి. జీపీయూ-జడ్‌లో సెన్సర్ల పేజీ తెరిచి పెట్టండి. మెమరీ ఉష్ణోగ్రత చూపించే కార్డయితే ఆ అంకె ఎంతదాకా ఎక్కి ఆగిందో రాసుకోండి. నడపడానికి ఒప్పుకోని దగ్గర కొనకండి, ఎంత చవకైనా సరే.

కార్డులు వెంట తెచ్చినవాళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. స్క్రూడ్రైవర్లు, ప్యాడ్లు, మందం కొలిచే కాలిపర్ అన్నీ తెచ్చాను. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. వారంటీ సీలు ఉన్నవి మాత్రం విప్పను, ముందే చెబుతున్నాను.